మన శ్రమ యెంత? మన భోజన మెంత? : బరువు తగ్గదలచిన రైతులకు దినచర్య లెక్క

ఎరువుల పంపిణీ దినములలో మన సంఘముల వాకిట చేరు సభ్యులను జూచినవారికి ఒక మార్పు కనబడక మానదు. ఇరువది ముప్పది యేండ్ల క్రిందట సన్నగా, గట్టిగా నుండిన రైతులే నేడు పొట్ట పెరిగి, చెఱువుగట్టు ఎక్కుటకు ఆయాసపడుచున్నారు. మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ళ నొప్పి యనునవి పట్టణవాసుల వ్యాధులని మన మనుకొను కాలము గడచిపోయినది. వైద్యుని యొద్దకు పోయినచో ఆయన 'బరువు తగ్గవలెను' అని చెప్పి, పథ్యము వ్రాయుటకు ముందు 'మీ పని యెట్టిది? కూర్చుండి చేయునదియా, మధ్యరకమా, కష్టమైనదియా?' అని యడుగును. మన రైతు సంశయింపక 'మేము సేద్యగాండ్రము, మాది కష్టమైన పనియే' అని బదులు చెప్పును. ఆ యొక్క మాటతోనే లెక్క తప్పిపోవుచున్నది. ఆ లెక్కను సరిచేసికొను విధమును సభ్యులకు తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

దేహముయొక్క జమఖర్చులు

సంఘపు లెక్కలు చూచుట యలవాటైన వారికి ఈ విషయము సులభముగా బోధపడును. మనము తిను అన్నము జమ. దేహము చేయు పని ఖర్చు. జమ మించినచో మిగులు క్రొవ్వు రూపమున నిలువయగును. ఖర్చు మించినచో ఆ నిలువ తరుగును. ఈ లెక్కకు నాణెము వంటిది కెలోరీ. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడిమినే ఆహారశాస్త్రములో ఒక కిలోకెలోరీ యందురు. వ్యవహారములో దానినే కెలోరీ యని పిలుచుచున్నారు.

దేహపు ఖర్చు రెండు పద్దులుగా నుండును. మొదటిది, మనము కదలక పడుకొన్నను గుండె, ఊపిరితిత్తులు, మెదడు మొదలగునవి పనిచేయుటకు అగునది. దీనిని విశ్రాంతి ఖర్చు అందము. రెండవది, నడచుట, త్రవ్వుట, మోయుట మొదలగు పనులకు అగునది. మొత్తము ఖర్చు విశ్రాంతి ఖర్చునకు ఎన్ని రెట్లో తెలుపు సంఖ్యను శ్రమ గుణకము అనవచ్చును.

మనదేశమున ఈ లెక్కలను నిర్ణయించునది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. ఇది 1918లో నీలగిరులయందలి కూనూరులో, మెక్‌కారిసన్ అను వైద్యుని యాధ్వర్యమున, బెరిబెరి వ్యాధిని శోధించు చిన్న శాఖగా పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఈ సంస్థ 2020లో ప్రకటించిన ప్రకారము, 65 కిలోగ్రాముల పురుషునకు కూర్చుండి చేయు పనియైనచో దినమునకు 2110 కెలోరీలు, మధ్యరకపు పనియైనచో 2710, కష్టమైన పనియైనచో 3470 కావలెను. 55 కిలోగ్రాముల స్త్రీకి ఇవే వరుసగా 1660, 2130, 2720. ఈ మూడు తరగతుల గుణకములు 1.4, 1.8, 2.3.

మొదటి తరగతికిని మూడవ తరగతికిని పురుషుని విషయమున 1360 కెలోరీల భేద మున్నది. ఇది ఇంచుమించు 380 గ్రాముల బియ్యముతో సమానము. అనగా తన తరగతిని తప్పుగా వ్రాసికొన్నవాడు దినమునకు ఒక మనుష్యుని బియ్యమంత యెక్కువ తినుటకు తానే అనుమతి యిచ్చుకొన్నట్లు.

వృత్తి పేరు కాదు, గంటలు చూడవలెను

మన జిల్లాలో పనుల స్వభావ మెట్లు మారెనో చూడుడు. 1933 డిసెంబరులో విశాఖపట్టణపు రేవును అప్పటి రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనముగా ప్రారంభించెను. ఆ కాలమున బస్తాల మోతకు కళాసీల భుజములే ముఖ్యాధారము. 1976లో వెలుపలి రేవు వచ్చెను. ముడి ఇనుమును యంత్రములే ఓడలకెత్తసాగెను. పిమ్మట పెట్టెలలో సరుకు దించు పద్ధతి వచ్చెను. నేడు రేవులో పనిచేయు యువకుడు పెక్కుసార్లు క్రేను గదిలో కూర్చుండి మీటలు త్రిప్పుచున్నాడు. వాని ఉద్యోగము రేవు పనియే; కాని వాని దేహమునకు అది కుర్చీ పని.

ఉక్కు కర్మాగారమును ఇట్టిదే. 1971 జనవరిలో ఇందిరాగాంధిగారు శంకుస్థాపన చేసిన పిమ్మట, గాజువాక ప్రాంతపు రైతులు పెక్కుమంది పొలముల నిచ్చి కొలువులలో చేరిరి. 1992 ఆగష్టులో కర్మాగారము జాతి కంకితమయ్యెను. కొలిమి చెంత నిలుచువాడు చెమటతో తడిసిపోవును. తనది మహాశ్రమ యని తలచును. కాని చెమట దేహమును చల్లార్చుకొను ఉపాయమేగాని శ్రమకు కొలత గాదు. ఒక షిఫ్టులో తగ్గిన కిలోగ్రాము బరువు నీటి బరువు. రెండు చెంబుల నీరు త్రాగగానే తిరిగి వచ్చును. మన సముద్రతీరపు ఉక్కపోతలో ఊరక కూర్చున్నను చెమట పోయును గదా!

పొలములలో సయితము ట్రాక్టరు దుక్కి దున్నుచున్నది, మోటారు నీరు తోడుచున్నది, యంత్రము కోసి నూర్చుచున్నది. మోటారు సైకిలుపై పోయి గట్టుమీద నిలిచి కూలీలకు పని చెప్పి వచ్చు ఆసామి తాత చేసిన సేద్యమునే చేయుచున్నాడు; తాత చేసిన శ్రమను మాత్రము చేయుటలేదు. ఇది నిందింపదగినది కాదు. వెనుకటి శ్రమ మన పెద్దల నడుములు విరిచినది. కాని పని తగ్గినపుడు పళ్ళెము తగ్గకపోవుటయే చిక్కు.

దీనిని గూర్చి రెండు ప్రసిద్ధ పరిశోధనలు కలవు. 1956లో జాన్ మేయరును, ఆయన సహచరులును కలకత్తా దాపున గల యొక జూటు మిల్లులో 213 మంది పురుషుల భోజనమును, బరువును, పనిని పరీక్షించిరి. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లుల నెఱిగిన మనవారికి అట్టి మిల్లులో అంగడివాడు మొదలు బొగ్గుమోయువాని వరకు ఎన్ని రకముల పనులుండునో తెలియును. కష్టించువారు తమ కష్టమునకు తగినట్లు తినుచు బరువు పెరుగక యుండిరి. ఊరక కూర్చుండువారు మాత్రము తక్కువ తినుటకు బదులు ఎక్కువగానే తినుచు లావెక్కి యుండిరి. అనగా శ్రమ మిక్కిలి తగ్గినపుడు ఆకలి మనకు సరియైన కొలత చెప్పదు. రెండవది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో రేవు పనివారిని గూర్చినది. పాఫెన్‌బార్గరు మొదలగువారు 6,351 మందిని 22 సంవత్సరములు గమనించి 1975లో ప్రకటించినదేమనగా, బరువులు మోయు పనిలో నుండినవారికంటె తేలిక పనివారికి గుండెపోటు మరణము లెక్కువ. ఈ రెండింటిలోను మనుష్యులను విడదీసినది వారి సంస్థ పేరు గాదు, వారు నిజముగా కదలిన కదలికయే.

ఇరువదినాలుగు గంటల చిట్టా

సంఘమునకు చిట్టా యెట్లో, దేహమునకు నట్లే. ఒక దినమును 24 గంటలుగా విభజించి, ఏ పనికి ఎన్ని గంటలో వ్రాసి, ఆ పని గుణకముచే గుణించి, మొత్తమును 24 చేత భాగించినచో మన శ్రమ గుణకము వచ్చును. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో సమావేశమై సిద్ధపఱచిన నివేదికనుండి కొన్ని గుణకములను దిగువ నిచ్చుచున్నాము.

నిద్ర 1.0, టీవీ చూచుట, ముచ్చటలు మొదలగు తీరిక 1.4, భోజనము, కూర్చుండి చేయు పని 1.5, వాహనము నడుపుట 2.0, వంట 2.1, స్నానము, బట్టలు కట్టుట, చేతితో చేయు ఇంటిపని 2.3, నడక 3.2, చేతులతో ఊడ్పు, కలుపు మొదలగు పొలము పని 4.1, నీరు, వంటచెఱకు తెచ్చుట 4.4.

మొదట ట్రాక్టరు రాక పూర్వము ఉభాల కాలమున ఒక రైతు దినమును తీసికొందము. నిద్ర 8 గంటలు (8.0), స్నానాదులు 1 (2.3), భోజనము 1 (1.5), పొలము పని 6 (24.6), నీరు, కట్టెలు తెచ్చుట 1 (4.4), ఇంటిపని 1 (2.3), నడక 1 (3.2), తీరిక 5 (7.0). మొత్తము 53.3. దీనిని 24చే భాగింపగా 2.22. ఈయన నిజముగా కష్టజీవి.

ఇప్పుడు నేటి రైతు దినము. నిద్ర 8 (8.0), స్నానాదులు 1 (2.3), భోజనము 1 (1.5), మోటారు సైకిలు 1 (2.0), గట్లమీద నడక 1 (3.2), చేతులతో పొలము పని 1 (4.1), టీకొట్టు, బ్యాంకు, సంఘకార్యాలయము, అరుగులమీద కూర్చుండుట 6 (9.0), సాయంకాలపు తీరిక 5 (7.0). మొత్తము 37.1. భాగింపగా 1.55.

65 కిలోగ్రాముల పురుషుని విశ్రాంతి ఖర్చు సుమారు 1500 కెలోరీలు. మొదటి రైతునకు 3330 కావలెను. రెండవ రైతునకు 2325 చాలును. భేదము వేయికి పైమాట. ఇద్దఱును సేద్యగాండ్రే!

ఇక మూడవ చిట్టాను అందఱును శ్రద్ధతో చదువవలెనని కోరుచున్నాము. ఇది ఉభాలకు పోవు ఇల్లాలి దినము. నిద్ర 7 (7.0), స్నానాదులు 1 (2.3), భోజనము 1 (1.5), వంట 2 (4.2), ఇంటిపని 2 (4.6), నీరు, కట్టెలు 1 (4.4), ఊడ్పు 6 (24.6), నడక 1 (3.2), తీరిక 3 (4.2). మొత్తము 56.0, గుణకము 2.33. 55 కిలోగ్రాముల స్త్రీ విశ్రాంతి ఖర్చు సుమారు 1185 గనుక ఆమెకు ఆ దినములలో 2760 కెలోరీలు కావలెను. గట్టుమీద నిలిచిన భర్తకంటె ఈమెకు 400కు పైగా ఎక్కువ. మన యిండ్లలో వడ్డన యే క్రమమున జరుగుచున్నదో, కడపట మిగిలినది యెవరు తినుచున్నారో చెప్పనక్కరలేదు. శ్రమ లెక్క సరిగా చేసిన ఇంటిలో ఒకరి పళ్ళెము తగ్గవలసియుండగా మఱియొకరి పళ్ళెము పెరుగవలసి యుండును.

తరచుగా జరుగు పొరపాటులు

మొదటిది, ఒక కష్టమైన దినమును జ్ఞాపకముంచుకొని దానినే ఏడాదికి వర్తింపజేయుట. 90 దినములు 2.2 గుణకముతోను, తక్కిన 275 దినములు 1.55తోను గడపువాని సగటు 1.71 మాత్రమే. ఈ సగటుతో నైనను పనిలేని నెలలలో తినరాదు. జరుగుచున్న పక్షము దినముల చిట్టాయే ప్రమాణము. పనికాలము మారినపుడు చిట్టా తిరుగ వ్రాయవలెను.

రెండవది, ఒక గంట నడకతో తరగతి మారినదని తలచుట. పైని చెప్పిన నేటి రైతు సాయంకాలపు తీరికలో ఒక గంటను నడకకు మార్చినచో మొత్తము 37.1 నుండి 38.9 అగును, గుణకము 1.55 నుండి 1.62 అగును. లాభము సుమారు 112 కెలోరీలు. ఇది ముప్పది గ్రాముల అనకాపల్లి బెల్లముతో సరి. సముద్రపు ఒడ్డున గంటసేపు నడచి, తిరుగుదారిలో పకోడీల పొట్లము కొన్నవాడు లెక్కలో నష్టమునే పొందును. అట్లని నడక వ్యర్థమని మేము చెప్పుటలేదు. గుండెకు, రక్తములోని చక్కెరకు, నిద్రకు అది చేయు మేలు గొప్పది. వారమునకు 150 నిమిషములకు తగ్గకుండ ఒక మాదిరి శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నడచునపుడు మాటలాడగలిగి, పాట పాడలేకపోయినచో అది ఒక మాదిరి శ్రమ యని గుర్తు.

మూడవది, ఒకే శ్రమను రెండుసార్లు జమకట్టుట. నడకను చిట్టాలో చేర్చి గుణకము కట్టిన పిమ్మట, మరల 'నేడు నడచితిని గదా' యని అదనముగా తినరాదు. ఒకే రసీదును రెండు పద్దులలో వ్రాయు గుమాస్తాను మనము క్షమింతుమా?

నాలుగవది, చేతిగడియారము చెప్పిన కెలోరీలను నమ్ముట. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2017లో ఏడు రకముల గడియారములను పరీక్షింపగా, కెలోరీల విషయమున వానిలో మేలైనది సైతము నూటికి 27 వంతులు తప్పెను. హీనమైనది 93 వంతులు తప్పెను. అడుగుల లెక్కకు అవి పనికివచ్చును. భోజనపు అనుమతికి పనికిరావు.

అయిదవది, శ్రమ యొక్కటే చాలునని తలచుట. 2012లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, తాంజానియా దేశమున వేటాడి జీవించు హడ్జా జనుల మొత్తము ఖర్చు, దేహపరిమాణమును బట్టి చూడగా, పట్టణవాసుల ఖర్చుకంటె ఎక్కువగా లేదని తేలెను. శ్రమ పెరిగినపుడు దేహము ఇతర పద్దులలో పొదుపు చేయునని పండితులు ఊహించుచున్నారు. కావున బరువు తగ్గుటకు పళ్ళెమును చూచుటయే ముఖ్యము. శ్రమ దానికి తోడు.

కాటా తీర్పు

ఎంత జాగ్రత్తగా వ్రాసినను చిట్టా అంచనాయే. నిజము చెప్పునది కాటా. అందుచే గుణకము విషయమున సందేహము కలిగినపుడు తక్కువ సంఖ్యనే తీసికొని ఆరంభించుట మేలు.

నేటి రైతు ఖర్చు 2325 గదా. దినమునకు 500 తగ్గించి 1825 తినవలెనని నిశ్చయించుకొన్నాడనుకొందము. దేహములోని క్రొవ్వు ఒక కిలోగ్రాము తగ్గుటకు సుమారు 7700 కెలోరీల లోటు కావలెను. వారమునకు 3500 లోటు గనుక బరువు సుమారు 450 గ్రాములు తగ్గవలెను. వారమున కొకసారి, ఒకే వారమున, ఉదయమున, ఏమియు తినకముందు, ఒకే కాటాపై తూగి వ్రాసికొనవలెను. సంఘములోని బస్తాల కాటా యైనను సరియే. ప్రతిసారి అదే కాటాగా నుండుట ముఖ్యము. ఒక వారపు హెచ్చుతగ్గులకు సంతోషమును, విచారమును పొందరాదు. ఉప్పు, నీరు, మలబద్ధకము సయితము కాటాను కదలించును. నాలుగు వారముల పద్దు చూడవలెను.

నాలుగు వారములలో ఒకటిన్నర మొదలు రెండు కిలోగ్రాములు తగ్గినచో గుణకము సరియైనదే. ఏమియు తగ్గనిచో, గుణకము ఎక్కువగా వ్రాసికొంటిమనియో, తినిన దానిలో కొంత వ్రాయలేదనియో గ్రహింపవలెను. టీలోని చక్కెర, కూరలోని నూనె, పిల్లలు విడిచిన అన్నము సాధారణముగా చిట్టాకెక్కవు. వారమునకు కిలోగ్రాముకంటె వేగముగా తగ్గుచున్నచో పళ్ళెమును కొంచెము పెంచవలెను. ఏలయన అట్టి వేగములో క్రొవ్వుతో పాటు కండయు పోవును. బరువు తగ్గినకొలది విశ్రాంతి ఖర్చును తగ్గును గనుక నాలుగైదు కిలోగ్రాములు తగ్గిన పిమ్మట లెక్క తిరుగ కట్టుకొనవలెను.

తగ్గించుటలోను వివేక ముండవలెను. అన్నమును, నూనెను, బెల్లమును, చక్కెరను తగ్గించి, పప్పు, గ్రుడ్లు, చేపలు, మజ్జిగ, ఆకుకూరలు నిలుపుకొనవలెను. మన చోడి అంబలి మంచిదే; కాని చోడియు ధాన్యమే గనుక దానిని లెక్కలో చేర్చకుండుట తప్పు.

ఎవరు తగ్గవలెను, ఎవరు తగ్గరాదు

కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తును ఎత్తుచే గుణింపగా వచ్చినదానిచే భాగింపవలెను. మన దేశీయులకు 18.5 మొదలు 22.9 వరకు సమము. 23 మొదలు అధిక బరువు. 25 మొదలు స్థూలకాయము. 165 సెంటీమీటర్ల ఎత్తు గలవాడు 78 కిలోగ్రాములు తూగినచో లెక్క 28.7 వచ్చును. ఆయన ఒక్కసారిగా పదునైదు కిలోగ్రాములు తగ్గవలెనని భయపడనక్కరలేదు. మొదట నాలుగు తగ్గినను రక్తపుపోటు, చక్కెర చాలవరకు అదుపులోనికి వచ్చుట కలదు. నడుము చుట్టుకొలత పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు మించరాదు.

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పెరుగుచున్న పిల్లలు, క్షయ మొదలగు వ్యాధులతో చిక్కినవారు బరువు తగ్గించు ప్రయత్నము చేయరాదు. కూలికి పోవు మన సభ్యులలో 18.5కు దిగువ నున్నవారు కలరు. వారికి కావలసినది మఱింత భోజనము. మధుమేహమునకు మాత్రలుగాని సూదిమందుగాని వాడువారు తమంతట తాము భోజనము తగ్గించినచో చక్కెర హఠాత్తుగా పడిపోయి అపాయము కలుగవచ్చును. వైద్యునితో మాటలాడి మందు మోతాదు సరిచేయించుకొనిన పిమ్మటనే ఆరంభింపవలెను.

సభ్యులకు మనవి

ఈ నెలలో ప్రతి సభ్యుడును, ఇంటనున్న స్త్రీలును, ఒక మామూలు పనిదినమును, ఒక తీరిక దినమును ఎంచుకొని చిట్టా వ్రాయుడు. ఎట్టివారమని చెప్పుకొనదలచితిమో అది వ్రాయక, నిన్నటి దినము నిజముగా ఏమి చేసితిమో అది వ్రాయుడు. అప్పు తీసికొనునపుడు ఆస్తిని హెచ్చుగా చూపినవాడు కడపట తానే చిక్కుకొనును. శ్రమను హెచ్చుగా చూపినవాడును అంతే; ఆ బాకీని మోయవలసినవి వాని మోకాళ్ళును, గుండెయును. కష్టజీవి యను పేరు మన పెద్దలు చెమటోడ్చి సంపాదించినది. ఆ పేరును మనము గౌరవింతము; దాని పేరున మాత్రము వారి పళ్ళెమంత తినకుందము.